చీర ఫొటో పంపి "ఎలా ఉంది?" అని అడిగితే

చేనేత చీరలు వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్ముకునేవాళ్లు కొత్త చీర ఫొటో తీయగానే ఇంట్లోవాళ్లకో స్నేహితులకో పంపి "ఎలా ఉంది?" అని అడుగుతారు. "సూపర్ అక్కా", "చాలా బాగుంది", పక్కన రెండు గుండె బొమ్మలు. ఇంతకుమించి జవాబు రాదు. ఆ చీర కొన్న మనిషి పార్సిల్ విప్పి, "ఫొటోలో వంకాయ రంగు కదండీ, ఇదేంటి నీలంగా ఉంది?" అని మెసేజ్ పెట్టినప్పుడు అసలు జవాబు వస్తుంది. అప్పటికి రానూపోనూ కొరియర్ ఖర్చు నెత్తిన పడి ఉంటుంది.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఫొటో బాగుందా లేదా అని ఎవరినీ అడగకూడదు. ఫొటో చూసి చీర గురించి వాళ్లకు ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. అర్థమైనదానికీ చేతిలో ఉన్న బట్టకూ ఎక్కడ తేడా వచ్చిందో, సరిదిద్దుకోవలసింది అక్కడ. మిగతా పొగడ్తలూ విమర్శలూ ఎన్ని వచ్చినా చీర అమ్మకానికి పెద్దగా ఉపయోగపడవు.

ఇంట్లోవాళ్లు ఎందుకు పనికిరారంటే, వాళ్లు ఆ చీరను ముందే చూసేశారు. అల్మారాలోంచి తీసినప్పుడు చూశారు, మడత పెట్టేటప్పుడు పట్టుకున్నారు. ఫొటోలో రంగు తప్పినా వాళ్ల కన్ను అసలు రంగునే గుర్తు చేసుకుంటుంది. అంచు కనబడకపోయినా అది ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. ఫొటోలో లేనిది కూడా వాళ్లకు కనిపిస్తుంది.

ఫొటోగ్రఫీ తెలిసినవాళ్ల ఇబ్బంది వేరు. వెనక భాగం మసకగా ఉంటే బాగుండేదని, పక్కన మల్లెపూలో ఇత్తడి దీపమో పెడితే నిండుగా ఉండేదని చెబుతారు. మంచి ఉద్దేశంతోనే చెబుతారు. కానీ ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ పెట్టి వెనక మసక చేస్తే పల్లూ చివరి కుచ్చుల దారాలు సగం మాయమైపోతాయి. బట్ట ఎక్కడ ఆగిందో, నేపథ్యం ఎక్కడ మొదలైందో ఆ సాఫ్ట్‌వేర్ సన్నటి దారాల దగ్గర పోల్చుకోలేదు. కొనేవాళ్లకు కావలసినవి ఆ కుచ్చులు. మల్లెపూలు పార్సిల్‌లో వెళ్లవు. ఇక లైకులంటారా, వాటిని లెక్కలోకే తీసుకోవద్దు. నూరు లైకులు వచ్చిన ఫొటో కింద "బ్లౌజ్ ఉందా?" అని పదిమంది అడిగారంటే ఆ ఫొటో చెప్పవలసింది చెప్పలేదన్నమాట.

మరి ఎలా అడగాలి? చీరను ఎప్పుడూ చూడని ఐదారుగురిని ఎంచుకోండి. వాళ్లలో ఒకరు యాభై దాటినవాళ్లు, ఒకరు తక్కువ ధర ఫోన్ వాడేవాళ్లు, వీలైతే ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు అయితే మంచిది. ఒక్కొక్కరికి విడివిడిగా పంపండి. గ్రూపులో పెడితే మొదట ఎవరు ఏమంటే తక్కినవాళ్లూ అదే పట్టుకుంటారు. ఐదు సెకన్లు చూసి ఫొటో మూసేయమనండి. తర్వాత అడగండి: ఒడలు, అంటే చీర మధ్య భాగం, ఏ రంగు? అంచు ఏ రంగు, ఎన్ని వేళ్ల వెడల్పు? పై అంచు, కింది అంచు ఒకేలా ఉన్నాయా? నూలా, పట్టా? పల్లూ మీద ఏముంది? ధర ఎంత ఉండొచ్చు?

జవాబు చెబుతున్నంతసేపూ మీరు నోరు మెదపకూడదు. "అది పట్టు కాదండీ, నూలు" అని మధ్యలో దిద్దారంటే ఆ మనిషి ఇక పరీక్షకు పనికిరారు. మీరు లేని చోట, కొనేవాళ్ల ఫోన్‌లో, ఆ ఫొటో ఒంటరిగా మాట్లాడాలి కదా.

ప్రతి తప్పు జవాబుకూ వెనక ఒక కారణం ఉంటుంది. నూలు చీరను పట్టు అన్నారంటే వెలుతురు కెమెరా వైపు నుంచే తిన్నగా పడి, నేత గరుకుదనమంతా చదునైపోయిందని అర్థం. కిటికీ చీరకు ఒక పక్కన ఉండేలా నిలబడి, వెలుతురు బట్ట మీద ఏటవాలుగా జారేలా తీస్తే దారం దారం తెలుస్తుంది. కింది అంచు పై అంచు కంటే పెద్దదన్నారంటే ఫోన్‌ను మరీ దగ్గరగా పెట్టి తీశారు. ఫోన్ల మామూలు లెన్స్ వెడల్పాటిది, దగ్గరున్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. ధర దగ్గర ఆరు వేల చీరను తొమ్మిది వందలు అన్నారనుకోండి, బాధపడవద్దు. ఆ చీర ధరను సమర్థించే పని ఏదో, చేతి బుటాయో, జరీ నాణ్యతో, ఫొటోలోకి రాలేదు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ప్రశ్న ఈ ధరదే. మర్యాద కోసం పొగిడేవాళ్లు కూడా ధర దగ్గరికి వచ్చేసరికి తాము చూసినదాన్ని బట్టే చెబుతారు.

రంగు సంగతి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. చీరల వ్యాపారంలో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. పగటి వెలుతురు సుమారు 5500 కెల్విన్లు. మన ఇళ్లలో తెల్ల ట్యూబ్‌లైట్లు 6500 దాకా ఉంటాయి. పసుపు బల్బులు 2700 నుంచి 3000. కిటికీ పక్కన చీర పరిచి, చీకటిగా ఉందని ట్యూబ్‌లైట్ కూడా వేస్తే చీర ఒక వైపు ఒక రంగులో, ఇంకో వైపు మరో రంగులో పడుతుంది. ఫోన్ ఏదో ఒకదానికే సర్దుబాటు చేయగలదు, రెంటికీ కుదరదు. కాబట్టి గదిలో లైట్లన్నీ ఆర్పేయాలి. ఎండ తిన్నగా పడని కిటికీ, దానికి పల్చటి తెల్ల దుప్పటి, ఎదురు వైపు నీడను తగ్గించడానికి స్టేషనరీ షాపులో దొరికే తెల్ల థర్మోకోల్ షీటు. ఇవి చాలు. రాత్రిళ్లు తీయక తప్పదంటే ఎల్ఈడీ లైటు పెట్టె మీద సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 కంటే ఎక్కువ ఉందేమో చూసి కొనండి. మామూలు ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి, వాటి కింద ఎరుపులు చచ్చిపోతాయి. అరక్కు రంగు చీర ఆ వెలుగులో ఇటుక రంగుకు తిరుగుతుంది.

వైట్ బ్యాలెన్స్ కోసం, అంటే తెలుపు తెల్లగానే పడేలా ఫొటో రంగును దిద్దడానికి, చాలామంది చీర పక్కన తెల్ల ఏ4 కాగితం పెడతారు. ఆ కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు కలుపుతారు, పగటి వెలుతురులో అది కాస్త నీలంగా ఉంటుంది. దాన్నే తెలుపుగా లెక్కేసి దిద్దితే ఫొటో మొత్తం పసుపుకు జరుగుతుంది. కెమెరా షాపుల్లో దొరికే గ్రే కార్డ్, అంటే ఏ రంగు వైపూ మొగ్గని బూడిద రంగు అట్ట, ఒకటి కొని, మొదటి ఫొటోలో దాన్ని చీర మీద పెట్టి తీయండి. ఫొటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ కింద ఉండే డ్రాపర్ గుర్తును ఆ కార్డు మీద పెడితే రంగు దారికొస్తుంది. అదే సర్దుబాటును ఆ వరసలో తీసిన మిగతా ఫొటోలకూ వాడండి. ఫోన్ కెమెరాలో సీన్ ఆప్టిమైజర్ లాంటిది ఉంటే ఆపేయాలి. అది రంగుల్ని చిక్కబరుస్తుంది.

ఇన్ని చేసినా కొన్ని రంగులు లొంగవు. వంకాయ రంగు, ముదురు ఊదా చాలా ఫోన్లలో నీలంగా పడతాయి. నిండు ఎరుపు మీద ఎరుపు బుటాలుంటే బుటాలు కరిగిపోయి ఒకే ముద్దగా కనిపిస్తుంది. తెర మీద చీరను కాసేపు నొక్కిపట్టి, వెలుతురు లాక్ అయ్యాక వేలితో కిందికి లాగి కాస్త తగ్గించి తీస్తే ఎరుపులో వివరం నిలుస్తుంది. జరీకీ ఇదే మందు. వెలుతురు ఎక్కువైతే జరీ తెల్లటి మచ్చలా మారి బంగారమో వెండో తెలియదు. నెమలికంఠం రంగు చీరకు పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఒక రంగు. ఒక్క ఫొటో దానికి ఎప్పటికీ న్యాయం చేయలేదు. నిటారుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి, మడత తిప్పుతూ పది సెకన్ల వీడియో జతచేయాలి. వీటిలో ఏది లొంగకపోయినా మాటల్లో రాసెయ్యండి: "ఫొటోలో నీలంగా కనిపిస్తోంది, అసలుది వంకాయ రంగు." ఈ ఒక్క వాక్యం వల్ల అమ్మకం తగ్గుతుందని భయపడేవాళ్లున్నారు. నమ్మకం పెరుగుతుందనే నేనంటాను.

రంగు గురించి ఎదుటివాళ్ల మాట వినే ముందు వాళ్ల ఫోన్ సంగతి కూడా కనుక్కోవాలి. సామ్‌సంగ్ ఫోన్ల తెరకు వివిడ్, న్యాచురల్ అని రెండు తీర్లుంటాయి. వివిడ్‌లో ప్రతి ఎరుపూ మండుతుంది. రాత్రిపూట కళ్ల కోసం తెరను పసుపు చేసే అమరిక ఆన్‌లో ఉంటే క్రీమ్ చీర పసుపు చీర అయిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు మీ పోస్టు చూసేది రాత్రి, పసుపు దీపం కింద, ఆ అమరికతోనే కావచ్చు. అందుకని ఐదుగురిలో ఒక్కరే రంగు తప్పు చెబితే ఆ ఫోన్‌ను అనుమానించండి. ముగ్గురు ఒకే వైపుకు తప్పు చెబితే ఫొటోను అనుమానించండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. కాబట్టి పరీక్షకు పంపేటప్పుడు కొనేవాళ్లకు ఏ తీరులో పంపుతారో అదే తీరులో పంపాలి. డాక్యుమెంటుగా పంపి "ఎంత స్పష్టంగా ఉందో" అనిపించుకుని, తర్వాత మామూలుగా పోస్టు చేస్తే పరీక్షించింది ఒకటి, అమ్మేది ఇంకొకటి. సన్న గళ్ల మంగళగిరి చీరలకు ఇది మరీ ముఖ్యం. గళ్ల ఫొటోను చిన్నది చేసినప్పుడు లేని అలలు, చారలు పుట్టుకొస్తాయి. చూసేవాళ్లు అది చీర మీది డిజైన్ అనుకుంటారు. కాస్త దూరం మార్చి తీసినా, గళ్లు పెద్దగా పడేలా దగ్గర ఫొటో తీసినా ఆ అలలు పోతాయి. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో ఫొటోలు కనిపించే పెట్టెలు 2025 జనవరిలో చదరం నుంచి నిలువుకు మారాయి. పాత చదరపు ఫొటోల్లో పక్కలకు ఉన్న అంచులు అక్కడ తెగిపోయి కనిపిస్తున్నాయేమో ఒకసారి తెరిచి చూసుకోండి. అమెజాన్‌లో అమ్మేవాళ్లకు నిబంధనలు వేరే ఉన్నాయి: మొదటి ఫొటోకు నేపథ్యం పూర్తి తెలుపు, ఫ్రేములో 85 శాతం సరుకే ఉండాలి, జూమ్ పనిచేయాలంటే పొడవు వైపు కనీసం 1000 పిక్సెళ్లు. ఆ తెలుపు మీద గంజి రంగు నూలు చీర అంచు కలిసిపోతుందా లేదా అన్నది కూడా ఎదుటివాళ్ల చేతే చెప్పించుకోవలసిన విషయం.

ఇంతవరకు చీర తెలియనివాళ్ల సంగతి. చీర బాగా తెలిసిన ఒక్క మనిషికి మాత్రం ఫొటో తప్పకుండా చూపించాలి. ఆ మనిషి నేసినవారు. ఎవరూ వారిని అడగరు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పోచంపల్లి చీరలో నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు, కాబట్టి బొమ్మల అంచులు సన్నగా చెదిరినట్టు ఉంటాయి. తెలియనివాళ్లు ఫొటో ఫోకస్ తప్పిందంటారు. వాళ్ల మాట విని షార్ప్‌నెస్ పెంచేస్తే అచ్చం ప్రింటు చీరలా తయారవుతుంది. నేసినవారు ఒక్క చూపులో ఆ సంగతి పట్టేస్తారు. పల్లూ ఒక మూల మడిచి, ముందు వెనకలు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయమంటారు. ఇలా ముందే రంగులద్ది నేసే ఇక్కత్ నేత రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, ప్రింటు చీర వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. అందరూ పొగిడిన ఫొటో కంటే ఆ మడిచిన మూల ఫొటోనే ఎక్కువ చెబుతుంది.

ఉప్పాడ జాందానీకి కూడా వెనక వైపే సాక్ష్యం. చేత్తో బుటాలు నేసినచోట వెనక దారాలు వేలాడవు. గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచు, పట్టు పల్లూ కలుస్తాయి. ఆ కలిసే చోటును దగ్గరగా తీయకపోతే కొనేవాళ్లు దాన్ని అతుకు అనుకుని ఫోన్ చేస్తారు. ఇంకోటి. చేమగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా అంచులకు సూదులున్న కర్ర పట్టి ఉంచుతారు. ఆ సూదులు అంచు వెంబడి వరసగా సన్న రంధ్రాలు వదులుతాయి. చేనేతకు అదొక గుర్తు. ఫొటోలో చూపించి, పక్కన ఒక ముక్క రాస్తే మంచి మాటగా నిలుస్తుంది. దాచిపెడితే పార్సిల్ అందాక "చీరకు చిల్లులున్నాయి" అనే ఫిర్యాదవుతుంది.

పరీక్షంతా పూర్తయి పోస్టు పెట్టాక అసలు గని తెరుచుకుంటుంది. అది మీ ఇన్‌బాక్స్. కొనబోయేవాళ్లు అడిగే ప్రతి ప్రశ్న మీ ఫొటోలో ఉన్న ఖాళీని చూపిస్తుంది. ఒక నోటుపుస్తకంలో చీరవారీగా ఆ ప్రశ్నలు రాసుకోండి. "పల్లూ పూర్తిగా చూపించరా?", "బ్లౌజ్ ప్లెయినా, బుటాలా?", "బరువు ఎంతండీ?", "కింద ఫాల్ వేస్తే అంచు ఎంత కనిపిస్తుంది?" ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే ఇక జవాబు టైపు చేయడం మానేసి దానికో ఫొటో తీయాలి. బ్లౌజ్ ముక్కను చీర నుంచి విడదీసినట్టు కనిపించేలా పక్కకు మడిచి ఒకటి. అంచు మీద చెయ్యి ఆనించి, పక్కన టేపు పెట్టి ఒకటి. బరువు అడిగేవాళ్లకు వంటింటి కాటా మీద చీర పెట్టి అంకెతో సహా ఒకటి. అందంగా ఉండవు ఈ ఫొటోలు, ఉండనక్కర్లేదు. వరసలో చివర పెట్టండి, కొనాలనుకున్నవాళ్లు అక్కడిదాకా వస్తారు.

చీర అందాక చాలామంది "నచ్చిందా అండీ?" అని అడుగుతారు. మర్యాదస్థులు నచ్చిందనే అంటారు, రెండోసారి కొనరు అంతే. దానికి బదులు "ఫొటోలో చూసినదానికీ చేతికి వచ్చినదానికీ ఏం తేడా ఉంది?" అని అడగండి. తేడా ఉందని ముందే ఒప్పుకున్నట్టు ఉండే ఈ ప్రశ్న ఎదుటివాళ్లకు మొహమాటం తీసేస్తుంది. "అంచు ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నా", "ఇంత పల్చగా ఉంటుందనుకోలేదు" అని చెబుతారు. పల్చదనం గురించి ఆ మాట వచ్చిందంటే, ఇకనుంచి చీర ఒక పొర కింద చెయ్యి పెట్టి కిటికీకి ఎదురుగా తీసిన ఫొటో తప్పనిసరి.

దీన్ని కేవలం మర్యాద విషయంగా చూడడానికి కూడా లేదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఈ-కామర్స్ వేదికల మీద అమ్మేవాళ్లు ప్రకటనలో చూపిన లక్షణాలు సరుకులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదు. "ఫొటోకూ అసలుకూ రంగులో స్వల్ప తేడా ఉండొచ్చు" అని ప్రతి పోస్టు కిందా అంటించే వాక్యం వంకాయ రంగును నీలంగా చూపించినందుకు జవాబు కాబోదు.

అభిప్రాయాలు ఒకదానికొకటి పొసగనప్పుడు ఏం చేయాలన్నది చివరి చిక్కు. ఒకరు నేల మీద పరిచిన ఫొటో బాగుందంటారు, ఒకరు కట్టుకున్న ఫొటో కావాలంటారు. ఇద్దరినీ తృప్తిపరచాలని అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏ మార్పు పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. వెలుతురు, దూరం, నేపథ్యం, మడత: వీటిలో ఒక్కదాన్నే మార్చి, అదే చీరను మళ్లీ తీసి, మొదటిది చూడనివాళ్లకు చూపించి అవే ప్రశ్నలు అడగండి. తప్పు జవాబులు తగ్గితే ఆ మార్పు ఉంచుకోండి. తగ్గకపోతే పాతదే మేలు. నచ్చడం నచ్చకపోవడం దగ్గర మీ ఇష్టమే నెగ్గించుకోండి, దుకాణం మీది. వాస్తవం దగ్గర మాత్రం, అంటే రంగు, కొలత, దారం, నేత దగ్గర, ఎదుటివాళ్ల జవాబుదే పైచేయి.

ఒకసారి గట్టెక్కిన ఫొటో ఎల్లకాలం చెల్లదు. అదే డిజైన్ మళ్లీ నేయించినప్పుడు నూలుకు రంగు అద్దిన విడత మారుతుంది, కిందటిసారి మామిడిపండు పసుపు ఈసారి నిమ్మపండు వైపు జరగొచ్చు. కొత్త చీర రాగానే పాత ఫొటోను ఫోన్‌లో తెరిచి, కిటికీ దగ్గర బట్ట పక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే గ్రే కార్డ్ తీసి మళ్లీ మొదటినుంచి తీయాలి, పాత పోస్టు తీసేయాలి.